మెయిన్ స్విచ్‌కు చెంచమ్మ కాపలా

మా మామూ ముస్తాక్ అహ్మద్‌కు రెండు గట్టి నమ్మకాలున్నాయి. ఒకటి, పాస్‌పోర్టు ఫోటో తనలాగా తీసేవాడు మార్కాపురంలో ఇంకా పుట్టలేదని. రెండోది, దుకాణం వదిలి బయటికి అడుగు పెట్టేముందు మెయిన్ స్విచ్ దించి తీరాలని. మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండోదే నా ప్రాణం తోడేసింది.

నా పేరు మిస్బా. మాది గిద్దలూరు. డిగ్రీ అయ్యాక మా అమ్మ నన్ను తన తమ్ముడి స్టూడియోలో కంప్యూటర్ పని చూసుకోమని పంపింది. వచ్చి ఆరునెలలైంది. ఫోటోలు సరిచెయ్యడం, పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చెయ్యడం నా పని. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, "గడ్డం కొంచెం దించు, ఇంకొంచెం, అరే, ఎక్కువైంది" అని సతాయించడం మామూ పని. ఎవరి పని వాళ్ళం బాగానే చేసుకుంటున్నాం.

మెయిన్ దించే అలవాటుకు కారణం లేకపోలేదు. పదేళ్ళ కిందట ఆయన నమాజుకు వెళ్ళి వచ్చేలోగా షార్ట్ సర్క్యూట్ అయి మొదటి దుకాణం కాలిపోయింది. అప్పట్నుంచి నమాజుకు వెళితే దించుతాడు, టీకి వెళితే దించుతాడు, ఎదురుగా మందుల షాపుకి చిల్లర కోసం వెళ్ళినా దించుతాడు. మెయిన్ దించగానే కింద స్టూలు మీదున్న యూపీఎస్ కుయ్యోమంటుంది. దాని బొత్తామూ నొక్కి నోరు మూయిస్తాడు. ఆ తర్వాత షట్టర్ లాగుతాడు. నేను లోపలే కూర్చుని పనిచేస్తున్నానన్న సంగతి రెండుసార్లు మర్చిపోయాడు కూడా. షట్టర్ మీద దబదబా బాదితే వచ్చి తీశాడు. "చెయ్యి దానంతటదే పోతాది బేటా, నేనేం జేసేది?" అన్నాడు.

ఒక బుధవారం కనిగిరి నుంచి జీవన్ కుమార్ ఫోన్ చేశాడు. ఆయనకూ అక్కడ స్టూడియో ఉంది. మామూకి పాత స్నేహితుడు. ఫోన్‌లో మనిషి ఏడుస్తున్నాడు. ఎవరో ఎక్కడినుంచో నెట్ దారిలో ఆయన కంప్యూటర్‌లో జొరబడి, ఉన్న ఫోటోలన్నిటికీ ఒక్కపూటలో తాళం వేసేశారట. ఏ ఫోటో తెరిచినా తెరుచుకోదు. డబ్బు కడితే తాళంచెవి ఇస్తామని తెర మీద ఒక చీటీ మాత్రం కనబడుతోందట. పన్నెండేళ్ళ పెళ్ళిళ్ళు పోయాయని ఆయన గొల్లుమంటుంటే, ఇక్కడ మా మామూ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఫోన్ పెట్టేసి మామూ చేసిన మొదటి పని నెట్ వైరు పీకెయ్యడం. రెండో పని మా కంప్యూటర్ మీద దుప్పటి కప్పడం.

"ఆన్ జేస్తేనే గదా వాడొచ్చేది? ఆన్ చెయ్యం. అంతే!" అన్నాడు.

"మరి పని?"

"పని తర్వాత. ముందు ఫోటోలు బతకాల."

ఆ రోజంతా వచ్చినవాళ్ళకల్లా "కంప్యూటర్‌కు ఒంట్లో బాగలేదు" అని చెప్పి పంపేశాడు. నాకు నవ్వాలో, తల బాదుకోవాలో తెలియలేదు. గురువారం పొద్దున ఆయనతో పోట్లాడి దుప్పటి తీశాను. జీవన్ కుమార్ కంప్యూటర్‌లో అప్‌డేట్లు ఏళ్ళ తరబడి వెయ్యలేదని ఆయనే ఫోన్‌లో చెప్పాడు కాబట్టి, మా సంగతేమిటో చూద్దామని ఆ జాబితా తెరిచాను. రెండేళ్ళుగా ఒక్క అప్‌డేటూ పూర్తి కాలేదు. పై నుంచి కింది దాకా విఫలం, విఫలం, విఫలం అనే ఉంది.

కారణం వెతకడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. తలుపు పక్క గోడ మీదున్న మెయిన్ స్విచ్ వైపు చూశాను.

"మామూ, కంప్యూటర్‌లో దొంగలు దూరే సందులుంటాయి. కంపెనీవాళ్ళు వాటిని కనిపెట్టి, పూడ్చే సామాను నెలనెలా మనకు పంపిస్తానే ఉన్నారు. కంప్యూటర్ ఆగి మళ్ళీ లేచేటప్పుడు ఆ పని జరగాల. సరిగ్గా అప్పుడే మీరు మెయిన్ దించుతున్నారు. సగం పూడ్చిన సందును అది మర్నాడు పొద్దున తవ్వి మళ్ళీ మొదటికి తెస్తాంది. రెండేండ్ల నుంచి ఇదే కథ."

"అందుకేనా ఇది పొద్దున్నే లేవడానికి అంతసేపు మూలుగుతాది?" అన్నాడు మామూ. "నేను ముసలిదైపోయిందనుకుంటినే."

మధ్యాహ్నం నెట్ వైరు పెట్టి అప్‌డేట్ మొదలుపెట్టాను. నేను పోస్టాఫీసుకు వెళ్ళాల్సి వచ్చింది. మెయిన్ ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పాను. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటర్‌కు అంటించాను. మామూ తల మీద చెయ్యి పెట్టుకుని మరీ ఒట్టేశాడు. నేను తిరిగొచ్చేసరికి షట్టర్ వేసి ఉంది. మామూ సాయంత్రం అసర్ నమాజుకు వెళ్ళాడు. లోపల అంతా చీకటి.

ఆయన రాగానే నేనెన్ని మాటలన్నానో ఇప్పుడు రాయడం బాగుండదు. ఆయన తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి, అదెవరి చెయ్యో అన్నట్టు చూసుకున్నాడు.

శుక్రవారం పొద్దున కంప్యూటర్ వేస్తే ఫోటోలూ లేవు, ఏమీ లేవు. నీలం తెర మీద తెల్లని చుక్కలు గిరగిర తిరుగుతున్నాయి. అప్‌డేట్లు జరుగుతున్నాయి, ముప్పై శాతం, ఆపవద్దు అని ఉంది. అరగంటైనా ముప్పయ్యే. ఒంగోలులో కంప్యూటర్లు బాగుచేసే శ్రీకాంత్‌కి ఫోన్ చేశాను.

"ముట్టుకోవద్దమ్మా. పాత మిషను, ఐదారు గంటలు పడుతుంది. ఈసారి గనక మధ్యలో కరెంటు తీస్తే డిస్కే పోవచ్చు. ఫోటోలకి ఇంకెక్కడైనా కాపీ ఉందా?" అన్నాడు.

లేదు. ఆ బుద్ధి మాకు అప్పటిదాకా పుట్టలేదు.

సరిగ్గా ఆ సమయానికి చెంచమ్మ వచ్చింది. త్రిపురాంతకం దగ్గరి పల్లె నుంచి బస్సు దిగి, చేతికర్ర టకటకలాడించుకుంటూ నేరుగా లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. అరవై దాటిన మనిషి. పుట్టినప్పట్నుంచి గొర్రెల వెంట తిరిగిన కాళ్ళు, ఎండకు నల్లబడ్డ మొహం, వీధి చివరిదాకా వినబడే గొంతు.

"ముస్తాక్ తమ్ముడా, ఆదివారం మా మనవరాలు అంజలి పెండ్లి. మా ఆయన ఫోటో పెద్దది జేసి పటం కట్టియ్యాల. రేపటికి గావాల" అంది.

"ఏ ఫోటో అక్కా?" అన్నాడు మామూ.

"ఏ ఫోటో ఏంది? ఆయనకుండేది ఒకటే గదా! గొర్రెల ఇన్సూరెన్సుకు నువ్వు మా దొడ్డికాడికొచ్చి తీసినావే, అది."

మామూకి గుర్తుంది. ఎనిమిదేళ్ళ కిందటి మాట. యజమానీ, గొర్రే, దాని చెవికున్న ట్యాగూ మూడూ కనబడేలా ఫోటో పెడితేనే ఇన్సూరెన్సు ఇస్తామన్నారు. చెంచమ్మ భర్త గోవిందయ్యకు కెమెరా అంటే మహా సిగ్గు. పెళ్ళిళ్ళలో కూడా కెమెరా ఇటు తిరిగితే ఆయన అటు వెళ్ళిపోయేవాడట. గొర్రెల కోసమని ఆ ఒక్కసారీ నిలబడ్డాడు. నాలుగేళ్ళ కిందట చనిపోయాడు.

"ఇంట్లో ఉండేది ఏమైంది అవ్వా?" అని అడిగాను.

"మేకపిల్ల నమిలింది పాపా. సగం నేను పీకినా. కాళ్ళు మిగిలినాయి." నవ్వబోయి ఆగిపోయింది. "అంజలిని ఎత్తుకొని పెంచినాడు ఆయన. తాతకు మొక్కినాకనే పీటల మీద కూచుంటానని మొండికేసింది ఆ పిల్ల. పటం లేకుండా నేను ఇంటికి పోలేను."

మామూ నావైపు చూశాడు. నేను తెరవైపు చూశాను. ముప్పై ఒకటి.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఫోటో ఈ పెట్టెలో ఉంది, పెట్టె తలుపులు ఇప్పుడు మూసుకుని ఉన్నాయి, నూరు శాతమయ్యేదాకా కరెంటు పోకూడదు, పోతే గోవిందయ్య తాత ఇక ఎక్కడా ఉండడు.

చెంచమ్మ గోడలన్నీ ఒకసారి కలయజూసింది. "కరెంటు ఎట్ల పోతాది?"

"అదిగో, ఆ స్విచ్ దించితే. ఇదిగో, ఈ బొత్తాం నొక్కితే."

"ఎవురు దించేది?"

మామూయే చెయ్యెత్తాడు, బడిలో తప్పు ఒప్పుకున్నట్టు.

చెంచమ్మ లేచి కుర్చీని ఈడ్చుకుపోయి సరిగ్గా మెయిన్ స్విచ్ కింద వేసుకుంది. యూపీఎస్ ఉన్న స్టూలును కాళ్ళ మధ్యకు లాక్కుంది. కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. "తోడేళ్ళనే ఆపినా. సాయిబును ఆపలేనా? నువ్వు నీ పని జూసుకో పాపా."

పదకొండుకు నలభై రెండయింది. ఈ సంగతి అప్పటికే వీధంతా తెలిసింది. పక్కన పలకరాయి బండలు కోసి అమ్మే సత్యానందం అన్న గంటకోసారి తలకాయ లోపల పెట్టి, "స్కోరెంత?" అని అడిగి, విని, దాన్ని అటువైపు దుకాణాలకు అరిచి చెప్పేవాడు. నలభై రెండు దగ్గర అది గంటసేపు కదల్లేదు. మందుల షాపు నుంచి ఎవరో "వికెట్ పడిందా?" అని అరిచారు.

మామూ ఓపిక అయిపోయింది. "ఇంత బాధ ఎందుకు మనకు? నెట్టే లేకుండా పెట్టుకుంటే పాయె గదా. ఏ దొంగ వస్తాడు?"

"అట్లంటే ఎట్ల తమ్ముడా?" అంది చెంచమ్మ. "వానలు పడినాక పచ్చగడ్డి మేసి గొర్రెలకు చిటుకు రోగం వస్తాది. పొద్దున ఎగిరింది మాపటికి ఉండదు. అందుకని తొలకరికి ముందే సూదులు వేపిస్తాం. రోగం వస్తాదని గొర్రెను మేతకు తోలకుండా దొడ్లో కట్టేస్తే అది రోగంతో చావదు, ఆకలితో చస్తాది. ఈ పాప జేసేది సూది వేసే పనే గదా?"

"అదే అవ్వా! అచ్చం అదే!" అని ఎగిరి గంతేశాను. నేను రెండురోజులుగా గొంతు చించుకున్నది ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది.

"సూది వేసేటప్పుడు గొర్రెను కదలకుండా పట్టుకోవాల. నువ్వేమో కాలు పట్టి లాగుతాంటివి" అని మామూకి తగిలించింది. మామూ టీ తాగుదామని లేచాడు. నాలుగడుగులు వేసి తలుపు దగ్గరికి రాగానే కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. కర్ర టక్కున మణికట్టుకు తగిలింది.

"అబ్బ! అక్కా!"

"చెయ్యిదే తప్పు. దానికే కొట్టినా" అంది చెంచమ్మ.

నేను పడీపడీ నవ్వాను. ఏడవాల్సిన రోజున నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. మామూ కూడా చెయ్యి రుద్దుకుంటూనే నవ్వాడు.

పన్నెండూ ముక్కాలుకు, యాభై ఎనిమిది దగ్గర, ఫ్యాన్ ఆగిపోయింది. యూపీఎస్ కుయ్యోమంది. చెంచమ్మ ఒక్క ఉదుటున లేచి మామూ రెండు చేతులూ పట్టేసుకుంది.

"నేను గాదక్కా! వల్లా, అల్లా మీద ఒట్టు, నేను గాదు! ఊరి కరెంటే పోయింది!"

నిజంగానే వీధంతా పోయింది. మా యూపీఎస్ పదినిమిషాలకు మించి నిలబడదు. నేను పరుగెత్తి సత్యానందం అన్న ముందు నిలబడ్డాను. బండలు కోసే మిషను కోసం ఆయనకు జనరేటర్ ఉంది. ఆ సమయంలో మిషను మీద రాయి సగం కోసి ఉంది. ఆయన ఏమీ అడగలేదు. మిషను వైరు ఊడబీకి, జనరేటర్ నుంచి పొడుగు వైరు ఒకటి లాక్కుంటూ వచ్చి మా గోడ మీదుగా లోపలికి విసిరాడు. దాని కొసను నేను యూపీఎస్‌కు తగిలించాను. తాడు లాగాడు. జనరేటర్ దగ్గింది, ఆగింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ దగ్గింది. లోపల యూపీఎస్ అరుపు గుక్క తిప్పుకోకుండా సాగుతోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగోసారి ఆయనా మామూ కలిసి లాగితే బుర్రుమని అందుకుంది. యూపీఎస్ నోరు మూసింది. తెర మీద చుక్కలు ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి.

"యాభై ఎనిమిది నాటవుట్!" అని సత్యానందం అన్న వీధికి వినబడేలా కేకేశాడు. రాయి కోత ఆ పూటకు ఆపేసుకుని, దుమ్ము దులుపుకుని మా బెంచీ మీదే కూర్చున్నాడు.

శుక్రవారం జుమ్మా నమాజు వేళయింది. మామూ టోపీ పెట్టుకుని, కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, చెంచమ్మ ముందు నుంచి పక్కకు తిరిగి నడుస్తూ బయటపడ్డాడు. పదేళ్ళలో మొదటిసారి ఆయన మెయిన్ దించకుండా నమాజుకు వెళ్ళాడు. తిరిగొచ్చాక చెప్పాడు, దారంతా వెనక్కి తిరిగి పొగ వస్తోందేమోనని చూశానని. అప్పుడు నాకు ఆయన మీద కోపమంతా పోయింది. కాలిపోయిన దుకాణాన్ని నేను చూడలేదు, ఆయన చూశాడు.

రెండున్నరకు కరెంటు వచ్చింది. మూడుకు ఎనభై ఒకటి. మూడున్నరకు తొంభై ఆరు. బెంచీ మీద మందుల షాపాయన కూడా చేరాడు. నూరు అని పడగానే ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అంతలో తెర నల్లగా అయిపోయింది. చప్పట్లు ఆగిపోయాయి. ఇంత చేసీ పోయిందా అనుకున్నాను. చెంచమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడు వెలుగొచ్చింది. ముందు మా మామూ ఇరవై రెండేళ్ళ వయసులో మెళ్ళో కెమెరాతో, పొడుగు జుట్టుతో నవ్వుతూ కనబడ్డాడు. తెర మీద ఆయన పెట్టుకున్న బొమ్మ అది. ఆ బొమ్మను చూసి నేను ఆర్నెల్లుగా మూతి తిప్పుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ముద్దొచ్చింది. అప్‌డేట్ల జాబితా తెరిచాను. అన్నీ పూర్తయ్యాయని ఉంది. వీధంతా చప్పట్లే.

"ఇంక తాళం వెయ్యలేడా వాడు?" అన్నాడు మామూ.

"ఈ సందుల్లో నుంచి రాలేడు. కొత్త సందులు దొరికితే మళ్ళీ సూది వెయ్యాల. అన్నిటికీ కాపీలు కూడా పెట్టుకోవాల, వేరే డిస్క్‌లో."

"రేపే కొందాం" అన్నాడు బుద్ధిగా.

ఫోటో వెతకడం కష్టం కాలేదు. మామూ మనుషుల పేర్లతో కాక, పనుల పేర్లతో దాచుకుంటాడు. గొర్రెల ఇన్సూరెన్సు అన్న ఫోల్డర్‌లో త్రిపురాంతకం వైపువి పదహారే ఉన్నాయి. మామూ చూపించిన తొమ్మిదోది నొక్కాను.

తెర నిండా గోవిందయ్య వచ్చాడు. తలపాగా, నెరిసిన మీసం, బలవంతాన నిలబడ్డ మనిషి. చేత్తో పెద్ద పొట్టేలు చెవి పట్టుకుని, ట్యాగు కనబడేలా ముందుకు చూపిస్తున్నాడు. అయితే ఆయన కెమెరా వైపు చూడటం లేదు. పక్కకు చూసి నవ్వుతున్నాడు. ఫోటోలో ఎడమ పక్కన, పొట్టేలు పారిపోకుండా దాని వెనక కాళ్ళు వాటేసుకుని, కొప్పు ఊడిపోయి, పగలబడి నవ్వుతున్న ఆడమనిషి ఉంది.

చెంచమ్మ తెర దగ్గరకంటా వంగింది. "ఇదేంది? నేను గూడా ఉన్నానే!"

మామూ నెత్తి గోక్కున్నాడు. "ఇన్సూరెన్సోళ్ళు ఓనరూ గొర్రే ఉంటే చాలన్నారక్కా. నీకిచ్చిన కాపీ గూడా అదే. ఆ పక్కంతా కత్తిరించినా."

"నలభై ఏండ్లు కాపరం జేసిన దాన్ని కత్తిరించి పొట్టేలును పెట్టినావా!" అని కర్ర ఎత్తింది. మామూ సత్యానందం అన్న వెనక్కి వెళ్ళాడు. అందరం నవ్వుతున్నాం. చెంచమ్మ మాత్రం నవ్వు ఆపి, కర్ర గోడకు ఆనించి, మళ్ళీ తెర ముందుకొచ్చింది. "మా పెండ్లప్పుడు ఫోటోలు తీసేవాళ్ళు లేరు పాపా. తర్వాత ఆయన నిలబడలేదు. ఇద్దరం ఒకదాంట్లో ఉండేది ఇదొక్కటే."

నాకైతే ఆ క్షణంలో ఆ పాత కంప్యూటర్‌ను ముద్దుపెట్టుకోవాలనిపించింది.

మామూ గొంతు సవరించుకున్నాడు. "పటానికి ఆయన్ని ఒక్కణ్ణే తీసి పెద్దది జేస్తానక్కా. చనిపోయినోళ్ళ పటానికి దండ వేస్తారు గదా. నువ్వు బతికుండంగా నీకు దండ పడగూడదు."

"ఎవురినీ తియ్యొద్దు. పొట్టేలును గూడా తియ్యొద్దు. ఇట్లనే ఉండనీ."

"మరి దండ?"

చెంచమ్మ వేలి కొసతో తెర మీద గోవిందయ్య మీసాన్ని ముట్టుకుంది.

"దండ ఎందుకు? ఆ పొద్దు ఆయన బతికే ఉన్నాడు గదా" అంది. "ఇద్దరం కలిసే పెండ్లికి పోతాం."